ఓబుళప్ప కాలికి రామాంజి నడక

అశ్వినికి మనుషుల ముఖాలు ఒక పట్టాన గుర్తుండవు. నడక మాత్రం ఒక్కసారి చూస్తే చాలు, జన్మలో మరిచిపోదు. హిందూపురం స్టేషనులో రోజూ పొద్దున ప్యాసింజరు ఎక్కేవాళ్లలో సగం మంది పేర్లు ఆమెకు తెలియవు. ఎవరికి ఎడమ మడమ నొప్పి, ఎవరికి నడుము పట్టేసింది, కొత్త చెప్పులు కరుస్తున్నా ఇంట్లో చెప్పలేక ఎవరు తొడుక్కుంటున్నారు, ఇవన్నీ మాత్రం తెలుసు. "ఆ పాప తల దించుకోని ఎంత వినయంగా పోతాదో" అని వీధిలో ఆమెకు మంచి పేరు. వినయమూ లేదు, పాడూ లేదు. దారిన పోయేవాళ్ల కాళ్లు చూసుకుంటూ పోతుంది, అంతే.

ఆమె ఫిజియోథెరపిస్టు. ఇల్లు హిందూపురంలో, ఉద్యోగం ధర్మవరంలో ఒక ఆసుపత్రిలో, చదువు ఆ రెంటికీ నడుమ పెనుకొండలో. ఆ చదువు పేరు పలకాలంటే ముందు ఒక గ్లాసు నీళ్లు తాగాలి: లోయర్ లింబ్ ఆర్థోపెడిక్స్‌లో పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా. తుంటి మొదలుకుని కాలి బొటనవేలి దాకా ఉన్న ఎముకలు, కీళ్లు, కండలు, వాటికొచ్చే సకల కష్టాలు అందులో ఉంటాయి. ఉద్యోగాలు చేసుకునే నర్సులు, ఫిజియోథెరపిస్టులు, చిన్న ఊళ్ల డాక్టర్లు శని, ఆదివారాల్లో ఒకే బెంచీల మీద ఇరుక్కుని కూర్చుని రెండేళ్లు చదవాలి. ఇంట్లో మాత్రం దాన్ని "కాళ్ల కోర్సు" అంటారు.

"రెండేండ్లూ కాళ్లేనా?" అని ఆమె అవ్వ అన్నమ్మ మొదటిరోజే నోరు వెళ్లబెట్టింది. "నడుం పైనంతా ఎవురు సదువుతారు మరి?"

"అది వేరేవాళ్లు సదువుతారవ్వా."

"నాకు మోకాళ్లూ నొప్పే, మెడా నొప్పే. నీ తావ సగం మనిషిని సూపిచ్చుకోని, మిగతా సగానికి ఇంకో తావుకు పోవల్లన్నమాట" అని అవ్వ నిట్టూర్చింది.

చదువంతా అయిపోయింది. పేపర్లన్నీ పాసయింది. మిగిలింది ఒక్కటే, పేషెంటు పరీక్ష. మొదటినుంచీ తాను చూసుకున్న ఒక మనిషిని వెంటబెట్టుకుని పెనుకొండకు రావాలి. పరీక్ష పెట్టే డాక్టరు ముందు నడిపించాలి, కాలు మడిచి, చాపి చూపించాలి, అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. రెండే రెండు అవకాశాలు. రెండోది కూడా పోతే రెండేళ్లూ గంగలో కలిసినట్టే, మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టుకోవాలి.

మొదటి అవకాశం పోయిన ఏడాది చివర్లోనే పోయింది. పరీక్ష పెట్టింది బెంగళూరు నుంచి వచ్చిన డాక్టర్ దేవేంద్ర. పొట్టిగా, గుండ్రంగా, నవ్వుతూ ఉండే మనిషి. నవ్వుతూనే ఫెయిలు చేసే రకం. అశ్విని తీసుకొచ్చిన పేషెంటును అటూ ఇటూ నడిపించి, "ఈమె ఎందుకమ్మా ఇట్లా నడుస్తోంది?" అని అడిగాడు. అశ్విని పుస్తకంలో ఉన్న ఏడు కారణాలనూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. ఆయన చివరిదాకా విని, "ఏడూ కరెక్టేనమ్మా. ఇందులో ఈమెది ఏది?" అన్నాడు. ఏదో అశ్వినికి తెలియలేదు. అంతటితో ఆ పరీక్ష అయిపోయింది. ఆ రోజు రైలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని హిందూపురం దాకా ఏడ్చింది.

రెండోసారికి ఆమె నమ్ముకున్నది ఓబుళప్ప ఎడమ మోకాలిని.

ఓబుళప్పది ముదిగుబ్బ అవతల ఒక పల్లె. గొర్రెల కాపరి. పోయిన ఎండాకాలం దారి తప్పిన ఒక మేక వెంట పడి, అది దూకిన బండ మీంచే తానూ దూకాడు. మేక బాగానే దిగింది. ఓబుళప్పకే మోకాలి కింద ఎముక మూడు ముక్కలయింది. అనంతపురంలో ఆపరేషను చేసి ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గానీ, మోకాలు మాత్రం వంగనంటే వంగనని మొండికేసింది. ధర్మవరం ఆసుపత్రికి వచ్చిన మొదటిరోజు అది నలభై డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. బస్సులో కూర్చుంటే ఆయన కాలు ముందు సీట్లో ఉన్నాయన నడుముకు తగిలేది, ఆ తగాదా ముదిగుబ్బ దాకా సాగేది.

ఎనిమిది నెలలు అశ్విని ఆ మోకాలితో కుస్తీ పట్టింది. బతిమాలింది, తిట్టింది, వేడి పెట్టింది, ఐసు పెట్టింది. ఓబుళప్ప పళ్లు బిగించుకుని, "మేడమ్మా, ఇంక సాలు, నా తల్లి గుర్తుకొస్తాండాది" అని అరిచేవాడు. మూడు వారాల కిందట కొలిస్తే నూట పద్దెనిమిది డిగ్రీలు వంగింది. అశ్విని ఆనందం పట్టలేక అక్కడే నోరు జారింది.

"ఓబుళప్పన్నా, ఈసారి నా బతుకంతా నీ కాలి మీదే ఉండాది. నీ నడక సూసే నాకు మార్కులేస్తారు."

ఆమె నవ్వుతూ అంది. ఓబుళప్ప నవ్వలేదు. పక్కనే ఉన్న ఆయన భార్య ఉలిగమ్మ అసలే నవ్వలేదు. ఎందుకంటే ఓబుళప్పకు ఇంకా కొంచెం కుంటు మిగిలే ఉంది. ఎడమ కాలి మీద బరువు పడ్డప్పుడల్లా ఒక చిన్న తూగు. ఆ కుంటు వల్ల ఈ బంగారం లాంటి పిల్ల ఫెయిలైపోతుందేమోనని మొగుడూ పెళ్లాం ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తినలేదు. ఆ సంగతి అశ్వినికి తెలియదు.

పరీక్ష ఒక శనివారం వచ్చింది. ముందు ఆదివారం చర్చిలో ఆమె నాయన ఇస్సాకు లేచి నిలబడి, మా పాప కాళ్ల పరీక్ష కోసం అందరూ ప్రార్థన చేయండని అడిగాడు. ఆ వారమంతా తెలిసినవాళ్లు ఒక్కొక్కరే ఇంటికి వచ్చి, ఏ కాలమ్మా, ఎప్పుడు పడితివి, అని పరామర్శించి పోయారు. ఒకామె నువ్వులనూనె కూడా ఇచ్చిపోయింది. అవ్వ దాన్ని తన మోకాళ్లకు రాసుకుంది.

పెనుకొండలో దిగి అశ్విని బస్టాండు దగ్గర రెండు ప్లేట్ల బొరుగుల ఉగ్గాని, నాలుగు బజ్జీలు తింది. భయమేస్తే ఆమెకు ఆకలి ఎక్కువ. తింటూనే ఉలిగమ్మకు ఫోను చేసింది.

"యాడుండారక్కా?"

"ఆటోలో వస్తాండాం మేడమ్మా. నువ్వేం బెంగ పెట్టుకోవాకు. పాసయితావు సూడు. అంతా సూసుకున్యాం మేము."

ఆ "అంతా" ఏమిటని అడగాలని అశ్వినికి తట్టలేదు.

పరీక్ష పెట్టింది ఒక పాత పెద్ద ఇంట్లో. ముందు పొడవాటి వరండా, దాని చివర గది. గదిలో ఒక బల్ల, ఒక మంచం, దేవేంద్ర. అశ్వినిది మూడో నంబరు. మొదటి ఇద్దరి పేషెంట్లూ ఇంకా రాలేదని ఆమెను ముందే లోపలికి పిలిచారు. దేవేంద్ర ఆమెను చూడగానే గుర్తుపట్టి, "ఏడు కారణాలమ్మా! రా, రా" అన్నాడు. అశ్విని ఫైలు బల్ల మీద పెట్టింది.

"ఇంకా పదకొండు మంది ఉన్నారు. సాయంత్రం నాకు రైలు" అంటూ ఆయన ఆమె ఫైలు తిరగేశాడు. "రిపోర్టులన్నీ బాగున్నాయి, కొలతలు బాగున్నాయి. బట్టలు మార్చి పడుకోబెట్టే పని కూడా లేదు. మనిషి ఆ వరండాలో ఒక చుట్టు నడిస్తే చాలు. ఏడమ్మా మీ గొర్రెలాయన?"

"వస్తాండాడు సార్" అని బయటినుంచి ఉలిగమ్మ గొంతు వినబడింది.

తెరిచి ఉన్న తలుపులోంచి అశ్విని వరండా వైపు చూసింది. అలవాటు కొద్దీ ముందు కాళ్లే చూసింది. తెల్లటి పంచె, ఇస్త్రీ మడతలు, కిర్రు చెప్పులు. ఆ కాళ్లు వరండా పొడవునా ఠీవిగా నడిచి వస్తున్నాయి. ఎడమ కాలు నిలువుగా, గట్టిగా పడుతోంది. తూగు లేదు, జంకు లేదు. ఒక్క క్షణం అశ్విని గుండె గాలిపటంలా లేచింది. నా మోకాలే! నా ఓబుళప్పే! అని గంతులేయబోయింది.

మరుక్షణం ఆమె చూపు కుడి కాలి మీద పడింది. కుడి పాదం కొంచెం బయటికి తిరిగి ఉంది. ఆ కాలు నేలమీద ఆనినప్పుడల్లా ఒళ్లు వెంట్రుకవాసి కుడివైపుకు ఒరుగుతోంది. మామూలు కళ్లకు ఆనదు. అశ్విని కళ్లు మామూలు కళ్లు కావు.

ఎడమ కాలి కుంటు మూడు వారాల్లో కుడి కాలికి ఎట్లా పోయింది?

అప్పుడు తలెత్తి ముఖం చూసింది. అవే మీసాలు, అదే తలగుడ్డ, అదే ముక్కు. కానీ ఓబుళప్ప కాదు. ఓబుళప్ప తమ్ముడు రామాంజి. ఆసుపత్రికి అన్నను రెండుసార్లు వెంటబెట్టుకుని వచ్చి, బయట వేపచెట్టు కింద కూర్చుని వెళ్లినవాడు. అన్నకూ తమ్ముడికీ రెండేళ్లే తేడా, పోలిక మాత్రం అచ్చుగుద్దినట్టు. రామాంజి వెనకాల ఉలిగమ్మ అశ్విని వైపు చూసి కన్ను గీటింది.

"బ్రహ్మాండం!" అని దేవేంద్ర బల్ల మీద చరిచాడు. "తొమ్మిది నెలల కిందట మోకాలి కింద ఎముక మూడు ముక్కలైన మనిషంటే ఎవరన్నా నమ్ముతారా? ఏం నడక!" ఆయన పెన్ను మూత తీసి మార్కుల కాగితం మీదికి వంగాడు.

అశ్విని ఆ పెన్ను వైపే చూసింది. ఊరకే నిలబడితే చాలు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే పాసు. రెండేళ్ల శని, ఆదివారాలు, రైల్లో నిలబడి చదివిన రాత్రులు, నాయన ప్రార్థన, అన్నీ ఆ పెన్ను మొన దగ్గర ఉన్నాయి. ఆమెకు ఆశ పుట్టలేదని చెబితే అబద్ధం. బాగా పుట్టింది. తర్వాత ధర్మవరంలో తన బల్ల మీద పళ్లు బిగించుకుని పడుకునే ఓబుళప్ప గుర్తొచ్చాడు. ఎనిమిది నెలలు అంత నొప్పి ఓర్చుకున్న ఆ కాలిని ఇక్కడ లేదనిపించడం ఆమెకు చేతకాలేదు.

"సార్, ఆయన నా పేషెంటు కాదు."

పెన్ను ఆగింది.

"నా పేషెంటుకు కుంటు ఎడమ కాలికి. ఈయనకు కుడి కాలికి. ఈయన నా పేషెంటు తమ్ముడు."

ఉలిగమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, నీ నోరు పడ! ఇంత కష్టపడి తోలుకొస్తే నువ్వే పట్టిస్తివే మేడమ్మా! పొద్దున నాలుగు గంటలకు లేసి మరిదికి పంచె ఇస్త్రీ సేయించుకోనొస్తిమే!"

"ఏందమ్మా ఇది?" అన్నాడు దేవేంద్ర. నవ్వు పోయింది.

"ఏముండాది సార్, ఉన్నమాట సెప్తాండా. మా ఊర్లో ఆఫీసరు మందను సూడనీకి వస్తే, బక్కగొర్రెను సూపిస్తామా? పక్కింటోళ్ల బలిసిన పొట్టేలును తెచ్చి ముందర నిలబెడతాం. అందురూ సేసేదే! ఈ పాప మా ఆయప్ప కాలికి నీళ్లు తాగకుండా సేవ సేసింది. మా ఆయప్పది ఇంకా కుంటుతాండాది. ఆ కుంటును సూసి మీరు ఫెయిలు సేస్తే పాపం మాకు తగలదా? అందుకే మా మరిదిని తోలుకొచ్చినా. వాని కాళ్లు మంచివి."

రామాంజి సిగ్గుతో తల వంచుకుని, తలగుడ్డ తీసి చేతిలో పెట్టుకుని నలుపుతున్నాడు.

"మరి అసలాయన ఏడి?"

"ఊర్లో ఉండాడు సార్. జొరం" అంది ఉలిగమ్మ రెప్ప వేయకుండా.

రామాంజి అబద్ధం ఆడలేడు పాపం. గడ్డంతో కిటికీ వైపు చూపించాడు.

అశ్విని, దేవేంద్ర ఇద్దరూ కిటికీ దగ్గరికి పరుగెత్తి, బయటికి వంగి కిందికి చూశారు. కిటికీ కింద, గోడకు ఆనుకుని, లోపలి మాటలు వినడానికి చెవి పైకి పెట్టి, ఓబుళప్ప గొంతుక్కూర్చుని ఉన్నాడు. తలెత్తి ఇద్దరినీ చూశాడు.

"నమస్తే సార్" అన్నాడు.

దేవేంద్ర తిట్టడానికి నోరు తెరిచాడు. అంతలో అశ్విని కేక పెట్టింది. "అన్నా! కదలాకు! అట్లే ఉండు! లేస్తే సంపుతా!"

ఆమె డిగ్రీలు కొలిచే పరికరం చేతబట్టుకుని, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, ఆ పొట్టి కిటికీ దాటి అవతలికి దూకింది. రెండు మడమల మీదా కూర్చున్నాడు! తొడ పిక్కకు ఆనేలా కూర్చున్నాడు! ఎడమ మడమ ఒక్కటే కొంచెం లేచి ఉంది. మామూలు మనిషికి అదేమీ లెక్క కాదు. ప్లేటు వేసిన మోకాలితో అట్లా కూర్చోవడం ఇక జన్మలో కాదని ఆపరేషను చేసిన డాక్టరే చెప్పి పంపాడు. అశ్విని కొలిచింది.

"నూట ముప్పై రెండు! సార్, నూట ముప్పై రెండు!"

"కూసోవద్దని నువ్వు సెప్పినావు గదా మేడమ్మా" అన్నాడు ఓబుళప్ప భయంభయంగా. "గొర్రెల దొడ్డి వెనకాల రోజూ రోంత రోంత కూసున్యా. గొర్రెలు కాసేటోడు కూసోకుండా ఎట్ల బతుకుతాడు? నీకు తెలిస్తే తిడతావని సెప్పలా."

ఆమె తిట్టాలో ఏడవాలో తెలియక ఆయన మోకాలిని రెండు చేతులతో పట్టుకుని నవ్వింది. దేవేంద్ర తలుపు గుండా చుట్టూ తిరిగి ఆయాసపడుతూ వచ్చాడు. "ఏదీ, ఏదీ" అంటూ కొలత చూడడానికి తానూ గొంతుక్కూర్చున్నాడు. చూశాడు, తలాడించాడు, లేవబోయాడు. లేవలేకపోయాడు. మోకాళ్ల డాక్టరు మోకాళ్లు మధ్యదారిలో పట్టేశాయి. ఓబుళప్ప చేయి కింద ఆనించకుండా లేచి నిలబడి, "పట్టుకోండి సార్" అని ఆయనకు చేయందించి పైకి లాగాడు. వరండాలో చేరిన మిగతా పరీక్షవాళ్లు నవ్వలేక చచ్చారు. ముందు నవ్వింది దేవేంద్రే.

గదిలోకి వచ్చాక ఆయన నవ్వు ఆపి కుర్చీలో కూర్చున్నాడు. "సరే. ఆ నాటకం ఈమె ఆడించింది కాదని నాకు అర్థమైంది. పరీక్ష ఇప్పుడు మొదలు. నడువప్పా."

ఓబుళప్ప వరండాలో నడిచాడు. తూగు స్పష్టంగా తెలుస్తోంది. తిరిగి వస్తూ నేల చూపులు చూస్తున్నాడు. "సార్, ఈ కుంటు నాది. ఆయమ్మది కాదు" అన్నాడు.

దేవేంద్ర అశ్విని వైపు తిరిగాడు. "ఎందుకమ్మా ఇట్లా నడుస్తున్నాడు?"

అదే ప్రశ్న. ఏడు కారణాలూ ఆమె నాలుక మీదికి వచ్చాయి. ఆమె వాటిని మింగేసింది.

"మోకాలు పూర్తిగా సాగడం లేదు సార్. చివరి ఐదు డిగ్రీలు మిగిలిపోయాయి. కాలు నిలువుగా నిలబడదు, అందుకే తూగుతాడు. అది నా తప్పు సార్."

"నీ తప్పా?"

"మొదటి ఆరు వారాలు నేను వంచేదాని వెంటే పడ్డాను. ఎంత వంగింది, ఎంత వంగిందని అందరూ అడిగేది అదే. చాపేది మరిచిపోయాను. నాకు తెలిసేసరికి వెనకాల బిగుసుకుపోయింది. ఫైల్లో రాశాను, పదకొండో పేజీలో. రెండు నెలలుగా దాని మీదే ఉన్నాం. పది నుంచి ఐదుకు వచ్చింది. ఇంకో రెండు నెలల్లో ఆ ఐదూ పోతుంది, తొడ ముందు కండ కూడా బలపడాలి."

దేవేంద్ర పదకొండో పేజీ తీసి చదివాడు. చాలాసేపు చదివాడు. తర్వాత ఫైలు మూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకొక్కటి అడుగుతా. ఆ తమ్ముడు నడిచింది నేనూ చూశాను. ముప్పై ఏళ్లుగా కాళ్లు చూస్తున్నా. నాకేమీ కనబడలేదు. నువ్వు కుడి కాలికి కుంటు అన్నావు. అట్లా ఊరికే అన్నావా, నిజంగా చూశావా?"

"చూశాను సార్. కుడి పాదం బయటికి తిప్పి వేస్తాడు. ఆ కాలు మీద నిలబడితే ఒళ్లు అదే పక్కకు ఒరుగుతుంది. మోకాలు కాదు సార్, తుంటి."

"ఏమప్పా రామాంజీ, తుంటిలో నొప్పి ఉందా?"

"ఏం లేదు సార్" అన్నాడు రామాంజి గబుక్కున.

"బాసింపట్టు వేసుకుని కూర్చో చూద్దాం, కింద."

రామాంజి అన్న వైపు చూశాడు, వదిన వైపు చూశాడు. "కూసోలేను సార్. నాలుగు నెల్లాయ."

మంచం మీద పడుకోబెట్టి అశ్విని అతని కుడి కాలిని మెల్లగా లోపలికి తిప్పింది. కొంచెం తిరగగానే రామాంజి గజ్జల దగ్గర చేయి పెట్టుకుని ఊపిరి బిగపట్టాడు. దేవేంద్ర కూడా తిప్పి చూశాడు. ఆయన ముఖం మారింది. తొడ ఎముక తలకు రక్తం సరిగ్గా అందకపోతే ఇట్లాగే మొదలవుతుందని, అదే అని ఇప్పుడే చెప్పలేమని, వెంటనే ఎక్స్‌రే తీయాలని, అదే అయినా తొందరగా తెలిసింది కాబట్టి కాపాడుకోవడానికి వీలుంటుందని అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు.

"యాల సెప్పలేదురా?" అని అడిగాడు ఓబుళప్ప.

రామాంజి పైకప్పు చూస్తూ పడుకునే జవాబు చెప్పాడు. "నువ్వు పడినప్పట్నుంచి నీ మందా, నా మందా నేనే తోల్తాంటి. నేను కూడా పడుకుంటే గొర్రెల్ని ఎవురు సూస్తారు? ఇంట్లో నీ కాలికే ఎవురికీ తీరికల్యాకుండ ఉంటే, మళ్ల నా కాలు యాడికి తెద్దునన్నా."

ఉలిగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, గట్టిగా ముక్కు చీది, "అంటే నేను ఏరుకోనొచ్చింది గూడా కుంటి పొట్టేలేనా!" అంది. ఏడుస్తున్న ఓబుళప్ప ఫక్కున నవ్వాడు. దేవేంద్ర బల్ల మీద తల ఆనించి నవ్వాడు.

"అమ్మా, నువ్వు మంచి కాలు తెచ్చి ఉంటే ఈ పిల్లను అడగడానికి నాకేం ఉండేది?" అని ఆయన ఉలిగమ్మతో అన్నాడు. తర్వాత అశ్వినికి తన ఫోను నంబరు రాసిచ్చాడు. "ఫలితం ఇప్పుడు చెప్పకూడదు. రూలు. ఆయన ఎక్స్‌రే ఈ రోజే తీయించి నాకు పంపు. కింద నీ పేరు రాస్తావు కదా, పేరు పక్కన కొత్త డిప్లొమా కూడా రాసుకో."

అశ్వినికి ఆ మాట ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక ఉలిగమ్మను వాటేసుకుని వరండాలో గిరగిరా తిప్పింది.

మధ్యాహ్నం రైలు స్టేషనులో పావుగంట ఆలస్యం. ఆ పావుగంటలో అశ్విని ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే గౌరికి రెండుసార్లు ఫోను చేసింది. "గౌరీ, నీకు దండం పెడతా, గది తాళం వేసుకోని పోవాకు. ఒక్క తుంటి ఉండాది, తోలుకోనొస్తాండా." మూడో ఫోను ఆమెకే వచ్చింది. నాయన ఇస్సాకు.

"ఏమ్మా, ఏమాయ?"

"పాసయినా నాయనా! పాసయిపోయినా!"

అవతల ఆయన "దేవునికి స్తోత్రం" అని అరిచాడు. వెనకాల అన్నమ్మ అవ్వ, "కాళ్లన్నీ అయిపాయెనా? ఇంక మెడకు ఎప్పుడు?" అని అడుగుతోంది.

"బిన్నా రామ్మా, కోడి తెచ్చినా" అన్నాడు నాయన.

"ధర్మవరం రైలు ఎక్కుతాండా నాయనా."

"ఈపొద్దు నీకు లీవు గదమ్మా? ఇల్లు ఈపక్క ఉండాది!"

"పేషెంటు ఉండాడు నాయనా. వచ్చినాక తింటా" అని ఆమె నవ్వుతూ పెట్టెలోకి ఎక్కేసింది. ఇంత ఆనందంలో ఇంటికి వ్యతిరేక దిక్కున పోతున్నందుకు ఆమెకు ఇంకా ఎక్కువ నవ్వొచ్చింది.

పెట్టె దాదాపు ఖాళీగా ఉంది. ఎదురెదురు సీట్లలో కూర్చున్నారు. రామాంజి కుడి కాలును ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థ పడుతున్నాడు.

"ఆ కాలు వేలాడనీయాకు, ఎదురుగా సీటు మీద సాపుకో" అంది అశ్విని.

ఎదురుగా సీట్లో అన్న ఉన్నాడు. "వద్దులే మేడమ్మా, పెద్దోనికి కాలు తగుల్తాది" అని రామాంజి ముడుచుకున్నాడు.

ఓబుళప్ప ముందుకు వంగి, తమ్ముడి కిర్రు చెప్పు ఊడదీసి కింద పెట్టాడు. ఆ మడమను రెండు చేతుల్తో పైకెత్తి తన ఒళ్లో పెట్టుకున్నాడు. రామాంజి అదిరిపడి కాలు వెనక్కి లాక్కోబోయాడు.

"అన్నా! తప్పన్నా, ఇడువు!"

"ఊరికే ఉండ్రా" అన్నాడు ఓబుళప్ప, పట్టు వదలకుండా. "తొమ్మిది నెల్లు నా కాలు నువ్వు మోసినావు. ధర్మవరం దాకానన్నా నీది నన్ను మోయనీ."

రామాంజి ముఖం కిటికీ వైపు తిప్పుకుని, కాలును అన్న ఒళ్లో వదిలేశాడు. రైలు పెనుకొండ దాటింది.